మహిళా సర్పంచుల గురించి నేను తరచూ వినే అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా గ్రామ పంచాయతీలకు ఎన్నికైన మహిళలకు శిక్షణ ఇస్తున్నాను. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ మండలానికి వెళ్లినా ఇవే మాటలు చెవిన పడతాయి. బస్సులో పక్క సీటాయన అంటాడు, ఆఫీసుల్లో అంటారు, ఒక్కోసారి శిక్షణకు వచ్చిన ఆడవాళ్లే అంటారు. చట్టం ఏం చెబుతోందో, నా పనిలో నేనేం చూశానో రెండూ కలిపి జవాబు రాస్తున్నాను.

అపోహ: "ఆడవాళ్లు పేరుకే సర్పంచులు. నడిపేదంతా మొగుళ్లే."

వాస్తవం: చాలా ఊళ్లలో భర్తల పెత్తనం ఉంది, కాదనను. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో దీని మీద ప్రత్యేకంగా ఒక సలహా కమిటీనే వేసింది. నా బాధంతా 'పేరుకే' అన్న మాటతోనే. ఆ మాట అనగానే నేరమంతా ఆమె చేతకానితనం మీదకు పోతుంది. అసలు ఏం జరుగుతోందో చూడండి. మండలం వాట్సాప్ గ్రూపులో ఉండే నంబరు ఆయనది. మీటింగ్ ఉందని ఫోన్ వచ్చేది ఆయనకు. తీర్మానాల రిజిస్టరు మాత్రం సంతకం కోసం ఆమె దగ్గరికి, ఇంటికి వస్తుంది. సమాచారం ఒక్కటీ చేరనివ్వకుండా, ఆమెకేమీ తెలియదంటే ఎలా?

ఒక శిక్షణకు అందరినీ తీర్మానాల రిజిస్టరు నకళ్లు తెచ్చుకోమన్నాం. పదో తరగతి చదివిన ఒక సర్పంచ్ పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగిపోయింది. పైన తేదీ, కింద తన సంతకం, మధ్యలో నాలుగు పనులకు బిల్లుల మంజూరు. "ఇది నేను రొట్టెలు చేస్తా పెట్టిన సంతకం మేడం. అప్పుడీ రాతలేం లేవు. ఇదిగో, పిండి మరక" అని వేలితో చూపించింది. జిరాక్సులో కూడా ఆ మరక నల్లగా పడింది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత, "నేనూ అట్లనే పెట్టిన" అని ఇంకో ఇద్దరు చెప్పారు.

ఆ పూట పాఠాలన్నీ పక్కనపెట్టి ఒక్క సంగతే నేర్పాం. చదవకుండా సంతకం పెట్టకూడదు. చివరి వాక్యం కిందే పెట్టాలి. మధ్యలో ఖాళీ ఉంటే అడ్డంగా గీత కొట్టాలి. నాలుగు నెలల తర్వాత ఆమె ఫోన్ చేసింది. గ్రూపులో తన నంబరు పెట్టించుకుందట. రిజిస్టరు ఇంటికి పంపొద్దు, నేనే ఆఫీసుకు వస్తానని కార్యదర్శికి చెప్పిందట. మొదటి రెండు నెలలు ఇంట్లో గొడవే గొడవ అని కూడా చెప్పింది. దాన్ని దాచి నేను ఈ కథ చెప్పలేను.

చట్టంలో సర్పంచ్ భర్తకంటూ ఏ హోదా లేదు. గ్రామసభలో మిగతా ఓటర్లలాగే మాట్లాడవచ్చు, అంతవరకే. నిధుల లెక్కలో తేడా వస్తే నోటీసు, రికవరీ వచ్చేది మాత్రం ఆమె పేరు మీదే. ఆ విషయం తెలిసిన రోజు చాలామంది ముఖాల్లో టెన్షన్ కనిపిస్తుంది. మరుసటి రోజు నుంచి ప్రశ్నలు మొదలవుతాయి.

ఆడవాళ్లను సొంత పేరుతో గుర్తించకపోవడం ఈనాటిది కాదు. మన తొలి సాధారణ ఎన్నికలప్పుడు, 1951-52లో, దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లను ఓటర్ల జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. సొంత పేరు చెప్పకుండా ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని నమోదు చేయించుకోవడమే కారణం.

అపోహ: "చదువులేని ఆడవాళ్లకు పాలన ఏం తెలుస్తుంది?"

వాస్తవం: పొదుపు సంఘంలో ఏళ్ల తరబడి మినిట్స్ చూసి, బ్యాంకు లింకేజీ అప్పు తెచ్చి, వాయిదా తప్పకుండా కట్టించిన మనిషికి లెక్క తెలియదంటే నేను నమ్మను. మన దగ్గర గెలిచే ఆడవాళ్లలో డ్వాక్రా సంఘాల నుంచి వచ్చినవాళ్లు బోలెడుమంది.

రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో అనే ఇద్దరు పరిశోధకులు పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో 265 పంచాయతీలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. మహిళలకు రిజర్వ్ అయినచోట తాగునీటి పనులు ఎక్కువ జరిగాయి. రోడ్ల పనులు బెంగాల్‌లో పెరిగాయి, రాజస్థాన్‌లో తగ్గాయి. ఏ ప్రాంతంలో ఆడవాళ్లు ఏ ఇబ్బంది మీద ఎక్కువ ఫిర్యాదు చేశారో, డబ్బు అటు వెళ్లింది. బిందె మోసేవాళ్లు కుర్చీలో కూర్చుంటే నీళ్ల పని ముందుకు రావడంలో ఆశ్చర్యమేముంది?

అపోహ: "లేడీస్ సీటు పోయింది, ఇక ఆమె పని అయిపోయింది."

వాస్తవం: జనరల్ సీటు మగవాళ్ల సీటు కాదు. ఎవరైనా నిలబడవచ్చు. కానీ రిజర్వేషన్ రొటేషన్‌లో సీటు జనరల్ కాగానే బాగా పనిచేసిన మహిళకు కూడా మద్దతు ఉండదు. దీనివల్ల ఊరికి జరిగే నష్టం చిన్నది కాదు. బెంగాల్‌లోనే జరిగిన మరో అధ్యయనం 2012లో వచ్చింది. వరుసగా రెండు దఫాలు మహిళకు రిజర్వ్ అయిన ఊళ్లలో, ఆడపిల్లలకూ మగపిల్లలకూ చదువులో ఉన్న తేడా చెరిగిపోయిందని అందులో తేలింది.

అపోహ: "సగం సీట్లు ఇచ్చారుగా, ఇంకేం కావాలి?"

వాస్తవం: 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాలు దాన్ని సగం చేశాయి. పైకి వెళ్లేకొద్దీ ఏముంది? 2024లో లోక్‌సభకు గెలిచిన మహిళలు 543లో 74 మంది. లోక్‌సభ, శాసనసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లివ్వడానికి 2023లో వచ్చిన మహిళా రిజర్వేషన్ చట్టాన్ని జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు.

అపోహ: "తండ్రి పేరు లేకపోతే బిడ్డకు సర్టిఫికెట్ రాదు."

వాస్తవం: ఇది పంచాయతీ ఆఫీసు కిటికీ దగ్గరే తేలాల్సిన విషయం కాబట్టి రాస్తున్నాను. పెళ్లికాని తల్లి అడిగితే అఫిడవిట్ తీసుకుని జనన ధ్రువీకరణ పత్రం ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలని 2016 డిసెంబరులో నిబంధన మార్చారు. అంతకుముందు, 1992 వరకు, విదేశంలో పుట్టిన బిడ్డకు వంశపారంపర్యంగా భారత పౌరసత్వం తండ్రి నుంచే వచ్చేది. తల్లి భారతీయురాలైతే సరిపోయేది కాదు. 1992లో చట్టాన్ని సవరించాకే అది మారింది. గల్ఫ్‌లో, అమెరికాలో పిల్లల్ని కంటున్న మన ఆడపిల్లలకు ఆ సవరణ ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు.

పోయిన నెల ఒక వార్డు మెంబరు నన్ను ఆ కోర్టు తీర్పు తెలుగులో రాసిమ్మని అడిగింది. తన వార్డులో ఒక అమ్మాయిని మూడుసార్లు తిప్పి పంపారట. అర పేజీలో రాసిచ్చాను. దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుని, "రేపు ఆ పిల్లతోపాటు నేను పోతా" అంది.