వల్లె వేయడానికి చెవి కావాలా?

ఫోన్ నంబరు చెప్పమంటే తెలుగువాళ్లం దాదాపు అందరం ఇంగ్లీషు అంకెల్లోకి దూకేస్తాం. "నైన్ ఎయిట్ ఫోర్ ఎయిట్ జీరో" అంటామే గానీ "తొమ్మిది ఎనిమిది నాలుగు ఎనిమిది సున్నా" అనం. భాషాభిమానం లేకపోవడం వల్లే ఇలా అంటున్నామని కోప్పడేవాళ్లున్నారు. కానీ ఓసారి వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. సున్నా నుంచి తొమ్మిది దాకా తెలుగు పేర్లలో మొత్తం 25 అక్షరాలు. ఇంగ్లీషు పేర్లు పలికి చూస్తే 12 పలుకు ముక్కలు (సిలబుల్స్), అంతే. నోటికి పని సగానికి సగం తగ్గుతోంది. వినపడనివాళ్లకు మతి కూడా తక్కువని చాలామంది అనుకుంటారు. అసలు చెవుడుకీ మతికీ సంబంధం ఏమిటన్న ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోంచే బయటికి వస్తుంది.

విన్న నంబరు రాసుకునేదాకా చెదిరిపోకుండా పట్టి ఉంచేది మనసులో సాగే వల్లె. 1974లో బ్రిటన్ శాస్త్రవేత్తలు అలన్ బ్యాడ్లీ, గ్రాహమ్ హిచ్ వర్కింగ్ మెమరీకి, అంటే చేస్తున్న పనికి కావలసింది కాసేపు పట్టి ఉంచే జ్ఞాపకానికి, ఒక నమూనా ఇచ్చారు. ఇందులో మాటల కోసం ప్రత్యేకంగా ఒక చక్రం తిరుగుతుంటుంది. విన్న ధ్వని జాడ సుమారు రెండు సెకన్లలో వెలిసిపోతుంది. అది పూర్తిగా పోకముందే లోపలి నోరు మళ్లీ పలికితే జాడ తాజా అవుతుంది. అంటే మనకు ఎన్ని అంకెలు నిలుస్తాయన్నది, రెండు సెకన్లలో ఎన్ని పలకగలమన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. పొడవాటి మాటల జాబితా పొట్టి మాటల జాబితా కన్నా తక్కువ గుర్తుండటం 1975 ప్రయోగాల్లో తేలింది. 1980లో వేల్స్‌లో ఇదే సంగతి పిల్లల తెలివి పరీక్షల్లో బయటపడింది. వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి, ఆ భాషలో పరీక్ష పెడితే అంకెల మార్కులు తగ్గాయి. పిల్లల బుర్రలో లోపమేమీ లేదు.

ఈ చక్రాన్ని ఆపడం కూడా తేలికే. ఎవరినైనా ఏడు అంకెలు చదవమని, మీరు మాత్రం ఆపకుండా "ల ల ల" అంటూ వినండి. నాలుగైదు దాటి చెప్పలేరు. నోరు మరో పనిలో పడితే వల్లె ఆగిపోతుంది. ఇంకో పరీక్ష: "పప్పు, కప్పు, తప్పు, చెప్పు, ఉప్పు" వరసగా గుర్తుంచుకోండి. తర్వాత "పప్పు, గొడుగు, నీళ్లు, చీర, బండి" ప్రయత్నించండి. మొదటి జాబితాలో వరస తారుమారవుతుంది, ఎందుకంటే లోపల దాచుకున్నది ధ్వని. 1964లో కాన్రాడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంగ్లీషు అక్షరాల్ని కంటికి మాత్రమే చూపించాడు. అయినా చూసినవాళ్లు బి బదులు వి రాశారు, ఆకారంలో పోలిక ఉన్న అక్షరం రాయలేదు. చదివింది కూడా లోపల శబ్దంగా మారుతోందన్నమాట.

మరి పుట్టుకతో వినపడనివాళ్లు దేన్ని వల్లె వేస్తారు?

చేతిని. 1960లో భాషా పరిశోధకుడు విలియం స్టోకీ అమెరికన్ సంజ్ఞా భాషను విప్పి చూశాడు. ప్రతి సంజ్ఞలోనూ చేతి ఆకారం, ఒంటి మీద దాని చోటు, కదలిక అనే భాగాలున్నాయని చూపించాడు. మన మాటలో హల్లులూ అచ్చులూ ఉన్నట్టే ఇవీ. 1990లలో మార్గరెట్ విల్సన్, కారెన్ ఎమ్మొరీ అసలు పరీక్ష పెట్టారు. ఒకే చేతి ఆకారం ఉన్న సంజ్ఞల్ని వరసగా ఇస్తే, బధిరులకు అవి కలగాపులగం అయ్యాయి. అదే పప్పు-కప్పు కథ. కదలిక ఎక్కువసేపు సాగే సంజ్ఞలు తక్కువ గుర్తున్నాయి. గుర్తుంచుకునేటప్పుడు చేతులకు వేరే పని ఇస్తే వల్లె ఆగింది. చక్రం అదే, తిరిగే సరుకు వేరు. వల్లెకు చెవి కావాలన్న నియమం లేదు.

ఇక్కడో చిక్కు ఉంది. దాన్ని దాచిపెట్టి రాసేవాళ్లంటే నాకు చికాకు. వరసగా గుర్తుంచుకునే పరీక్షలో వినేవాళ్లకు ఏడు దాకా వస్తే, సంజ్ఞల్లో బధిరులకు ఐదు దగ్గర ఆగుతుంది. ఇది చూసి చాలాకాలం "బధిరుల జ్ఞాపకం బలహీనం" అని పుస్తకాల్లో రాసేశారు. 2004లో బౌట్లా, బవేలియే బృందం బధిర తల్లిదండ్రుల ఇంట పుట్టిన, చెవులు బాగా వినపడే పెద్దల్ని పరీక్షించింది. వీళ్లకు ఇంగ్లీషూ సంజ్ఞలూ రెండూ పుట్టుభాషలే. అదే మనిషికి ఇంగ్లీషులో ఎక్కువ, సంజ్ఞల్లో తక్కువ! పలికే వేగం తేడాను సరిచేసినా కొంత మిగిలింది. ధ్వని ఒకదాని వెనక ఒకటిగా రావడంలో ఆరితేరింది, పైగా చెవిలో దాని జాడ కంటి జాడ కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే వరస నిలబెట్టడంలో చెవికి పైచేయి. వరస అక్కర్లేని పరీక్షలు, అంటే మాటలు గుర్తుపెట్టుకుని వాటితో వాక్యాలు కట్టమనే పరీక్షలు పెడితే రెండు గుంపులూ సమానం. సంజ్ఞలతో పెరిగిన బధిర పిల్లలు జాబితాను వెనక నుంచి ముందుకు చెప్పడంలో దాదాపు తడబడరు. మనమైతే తడబడతాం. బల్ల మీద చెక్కముక్కల్ని ఏ వరసలో తట్టారో చూసి మళ్లీ తట్టే కోర్సీ పరీక్షలో వాళ్లదే ముందంజ.

టీచర్లు గమనించాల్సింది ఇదే. మన బడుల్లో ఎక్కాలు, వారాలు, పద్యాలు అన్నీ వరసగా గొంతుతో అప్పజెప్పించేవే. బధిర పిల్లవాడి చేత ఎక్కం అప్పజెప్పించి మార్కు వేస్తే, అతనికి లెక్క వచ్చో రాదో తెలియదు. పన్నెండో ఎక్కాన్ని గళ్ల పట్టికలో, ప్రతి జవాబుకూ ఒక చోటు ఉండేలా పెట్టి చూపించాలి. అతని బలం చోటులో ఉంది. అంతకన్నా ముందు, ఏదో ఒక భాష పూర్తిగా అందాలి. పుట్టుక నుంచీ సంజ్ఞా భాష అందిన బధిర పిల్లల్లో ఏకాగ్రత, ప్రణాళిక లాంటి నైపుణ్యాల్లో లోటు కనిపించలేదని 2017 నాటి ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. దెబ్బ తీసేది భాష అందకపోవడం. అందుకే పుట్టిన నెల లోపు వినికిడి స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్సో భాషో మొదలు అన్న 1-3-6 నియమం పెట్టారు. "మూడేళ్లొస్తే మాటలు అవే వస్తాయి, మేనమామకూ ఆలస్యమే" అంటూ మొక్కులు మొక్కుతూ కూర్చుంటే పోయేది ఈ కాలమే.

వయసులో వచ్చే చెవుడు వేరే కథ, కానీ ఇరుక్కునేది అదే చక్రం.

"వినపడుతోంది, ఏమంటున్నారో తెలియట్లేదు" అంటారు పెద్దవాళ్లు. అబద్ధం కాదు. వయసుతో ముందు పోయేది ఎక్కువ పౌనఃపున్యాల, అంటే కీచు ధ్వనుల, వినికిడి. గొంతు బలమంతా అచ్చుల్లో, కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. స లాంటి ఊష్మం 4,000 హెర్ట్జ్ దాటి ఉంటుంది. పప్పు, కప్పు, తప్పు మూడింటినీ విడదీసేది మొదటి హల్లు విడుదలయ్యే కొన్ని పదుల మిల్లీసెకన్లే. అది పోతే మిగిలేది "-ప్పు". భోజనాల దగ్గర "పప్పు", టీ వేళ "కప్పు" అని మెదడు ఊహించి పూరిస్తుంది. ఆ ఊహ ఉచితం కాదు. సందర్భాన్ని పట్టి ఉంచడం, రెండు మూడు మాటల్ని తూచడం జరిగేది వర్కింగ్ మెమరీలోనే.

1968లో ప్యాట్రిక్ రాబిట్ అంకెల జాబితాలు వినిపించాడు. రొదలో వినిపించిన అంకెల్ని విన్న వెంటనే సరిగ్గానే తిరిగి చెప్పగలిగినా, తర్వాత తక్కువ గుర్తున్నాయి. అంతకన్నా విచిత్రం, జాబితా రెండో సగం రొదలో ఉంటే, స్పష్టంగా విన్న మొదటి సగం కూడా చెదిరింది. రెండో సగాన్ని విడదీయడానికి అయిన ఖర్చు, మొదటి సగాన్ని వల్లె వేయాల్సిన పొదుపులోంచి పోయింది. "నిన్ననే చెప్పాను కదా నాన్నా, మర్చిపోయావా?" అని విసుక్కునే ముందు ఈ ప్రయోగం గుర్తు చేసుకోవాలి. నాన్న విన్నారు, అర్థం చేసుకున్నారు, తలూపారు. దాచుకోవడానికి చేతిలో ఏమీ మిగల్లేదు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే "ఏమిటా ఎముక కొరుకుతున్నావు?" అన్నాడని సామెత. నవ్వడానికి పుట్టిన సామెతే, కానీ ఆ మనిషి చేసింది ఏమిటి? చెవి అందించనిది కంటితో పట్టి, తెల్లటి గట్టి వస్తువు నోటి దగ్గర ఉంటే సబబైన ఊహ చేశాడు. అతనికి మతి లేదనడానికి ఇందులో ఆధారం లేదు.

ఈ గందరగోళం క్లినిక్‌లో మరీ ప్రమాదం. మతిమరుపు తేల్చే మోకా పరీక్షకు 30 మార్కులు, 26 కన్నా తగ్గితే అనుమానం. అందులో ఐదు మాటల్ని గుర్తుపెట్టుకోవడానికి 5, అంకెలకు 2, ఒక అక్షరం వినపడినప్పుడల్లా తట్టడానికి 1, వాక్యాలు తిరిగి చెప్పడానికి 2. ప్రశ్న వినడం సంగతి వదిలేసినా, పది మార్కులు మాట అచ్చంగా చెవిన పడటం మీదే నిలబడ్డాయి. కాబట్టి ముందు చెవిలో గులిమి చూడాలి, ఆడియోగ్రామ్ (వినికిడి కొలిచే పరీక్ష) తీయాలి. హియరింగ్ ఎయిడ్ ఉంటే పెట్టించి, లేకపోతే హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ తగిలించి, ఫ్యాన్ ఆపి పరీక్ష పెట్టాలి. ఐదు మాటలు తిరిగి చెప్పించినప్పుడే ధ్వని పోలిన తప్పు మాట వస్తే, అది మరుపు కాదు. వినికిడి లోపం ఉన్నవారి కోసం మోకా-హెచ్ అనే రూపం ఉంది, అందులో ప్రశ్నలు కంటికి చూపిస్తారు.

అంటే చెవుడుకీ డిమెన్షియాకీ (మతి క్రమంగా క్షీణించే జబ్బు) సంబంధమే లేదా? ఉంది. 2011లో ఫ్రాంక్ లిన్ బృందం 639 మందిని ఏళ్ల తరబడి గమనించింది. స్వల్ప లోపానికి డిమెన్షియా అవకాశం సుమారు రెండింతలు, మధ్యస్థానికి మూడింతలు, తీవ్రానికి ఐదింతలు కనిపించింది. వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ 2024లో, డిమెన్షియాకు మార్చుకోగల 14 కారణాల్లో వినికిడి లోపాన్ని పెద్దవాటిలో ఒకటిగా, 7 శాతం వాటాతో లెక్కకట్టింది. కానీ "మిషన్ పెట్టుకుంటే మతిమరుపు రాదు" అనే ప్రకటనలు నమ్మకండి. హియరింగ్ ఎయిడ్‌ల మీద 2023లో వచ్చిన అచీవ్ ట్రయల్‌లో 70–84 ఏళ్ల 977 మందిని మూడేళ్లు చూస్తే, మొత్తం మీద తేడా తేలలేదు. ముందే గుండెజబ్బు ముప్పూ ఇతర ముప్పులూ ఎక్కువున్న గుంపులో మాత్రం మతి తగ్గే వేగం 48 శాతం తగ్గింది.

ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. అరవకండి. అరిస్తే అచ్చులే బలపడతాయి, హల్లులు వాటి కింద నలిగిపోతాయి. దగ్గరికి రండి. ఆరుబయట దూరం సగమైతే 6 డెసిబెల్స్ కలిసొస్తాయి, గదిలో గోడల ప్రతిధ్వని వల్ల కాస్త తక్కువ. మీటరు దూరంలో, వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడండి. ప, త, క తేడా చెవి పోగొట్టుకున్నదే, ఆ తేడాలో ఎక్కువ భాగం పెదవులు చూపిస్తాయి. ప, బ, మ పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయి, కానీ ఆ తేడా కింది పౌనఃపున్యాల్లో చెవికి ఇంకా అందుతుంది. కన్నూ చెవీ ఒకదాని లోటు ఒకటి పూడ్చుకుంటాయి. మాస్కు పెట్టుకుంటే సగం పోయినట్టే. విషయం ముందు చెప్పండి: "కరెంటు బిల్లు సంగతి" అని ఆగి, ఆ తర్వాత వాక్యం. పదబంధానికి ఒకసారి ఊపిరి తీసుకోండి, వల్లెకు వ్యవధి దొరుకుతుంది. అర్థం కాకపోతే అదే మాట మూడోసారి అనకుండా వేరే మాటతో చెప్పండి.

హియరింగ్ ఎయిడ్ బీరువాలోకి చేరడానికి కారణాలు మామూలువే. మౌల్డ్ (చెవిలో అమర్చే అచ్చు) సరిపోక కూత పెడుతుంది, గొట్టంలో గులిమి పేరుకుంటుంది. మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు భరించలేనంత వినిపిస్తుంది, మెదడు మళ్లీ అలవాటు పడాలి. రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. తేమ ఎక్కువున్న కోస్తాలో రాత్రి సిలికా జెల్ డబ్బాలో పెట్టాలి. జింక్-ఎయిర్ బ్యాటరీ గాలిలోని ఆక్సిజన్‌తో పనిచేస్తుంది. స్టిక్కర్ తీసి నాలుగైదు నిమిషాలు బయట ఉంచాకే మిషన్‌లో వేయాలి, తీసిన స్టిక్కర్ మళ్లీ అంటించినా బ్యాటరీ ఖర్చు కావడం ఆగదు.