హామ్ రేడియో క్లబ్బు: వరంగల్‌లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

హనుమకొండలో ఎవరికైనా "మాది హామ్ రేడియో క్లబ్బు" అని చెబితే ముందు ఎఫ్‌ఎం స్టేషన్ అనుకుంటారు. అది కాదంటే పోలీసు వైర్‌లెస్ అనుకుంటారు. రెండూ కాదు. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సొంత సెట్టుతో, పైసా లాభం ఆశించకుండా తనలాంటి లైసెన్సుదారులతో మాట్లాడే మనిషిని హామ్ అంటారు. అలాంటివాళ్లు కలిసి నడుపుకునేదే క్లబ్బు. కొత్తగా వచ్చేవాళ్లకు పాఠాలు చెప్పే పని మా క్లబ్బులో నాది. కింద రాసిన మాటలన్నీ అక్కడ తరచూ వినేవే.

అపోహ: ఫోన్లు, వాట్సాప్ ఉన్న రోజుల్లో ఈ రేడియోలెందుకు?

వాస్తవం: 2023 జూలై చివరి వారాన్ని మన దగ్గర ఎవరూ మరిచిపోలేదు. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనాన్ని హెలికాప్టర్లతో బయటికి తేవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరు మొదటి రోజున చూస్తే కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి ఉంది. ఇలాంటి వానల్లో ఫోన్ పలకాలంటే టవర్‌కు కరెంటు ఉండాలి. కరెంటు పోతే బ్యాటరీ, ఆ తర్వాత డీజిల్ ఉండాలి. టవర్‌ను మిగతా నెట్‌వర్క్‌తో కలిపే ఫైబర్ కేబుల్ తెగకూడదు. రోడ్డు వెంట వేసిన కేబుల్ కల్వర్టు కొట్టుకుపోతే దానితోపాటే పోతుంది.

హామ్ సెట్టుకు మధ్యలో ఇవేవీ అక్కర్లేదు. ఈ చివర ఒక సెట్టు, 12 వోల్టుల బ్యాటరీ, యాంటెనా తీగ. ఆ చివరా అవే. 40 మీటర్ల బ్యాండ్ (హామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల పట్టీ), అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేయడానికి సుమారు 20 మీటర్ల రాగి తీగ చాలు. దాన్ని మధ్యలో రెండుగా చేసి రెండు చెట్ల మధ్య కడితే డైపోల్ అనే యాంటెనా అవుతుంది. మరీ ఎత్తుగా కట్టకపోతే తరంగాలు దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి, అయనోస్ఫియర్ అనే పొర నుంచి తిరిగి చుట్టుపక్కల వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతాయి. పైనుంచి వచ్చేదానికి గుట్టలు, అడవి అడ్డం రావు. తాడ్వాయి అడవిలోంచి హనుమకొండకు, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు పగటిపూట మాట్లాడటానికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు.

దీనికి అందరికీ తెలియాల్సిన ఉదాహరణ ఒకటుంది. హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లింది. చాలా ఏళ్లుగా ఆ దీవుల నుంచి హామ్‌లెవరూ ప్రసారం చేయలేదు. ప్రపంచం నలుమూలల హామ్‌లు ఆ దీవితో ఒక్కసారైనా మాట్లాడాలని కాచుకుని ఉన్నారు. భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో స్టేషన్ పెట్టి మాట్లాడుతుండగానే డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆ స్టేషన్ నుంచే మెయిన్‌లాండ్‌కు సమాచారం చేరవేశారు. అభిరుచి కోసం కట్టిన యాంటెనాలు, రోజుల తరబడి గుంపుల మధ్య కాల్‌సైన్లు (లైసెన్సుతోపాటు ఒక్కో హామ్‌కు వచ్చే గుర్తింపు పేర్లు) విడదీసి విన్న చెవులు గంటల్లో సహాయ కేంద్రంగా మారాయి. ఏదైనా జరిగాక హైదరాబాద్ నుంచి మనుషులు బయలుదేరి ఉంటే అది సాధ్యమయ్యేది కాదు.

అపోహ: సెట్టు ఒకటి కొని ఇంట్లో పెట్టుకుంటే ఆపదలో అదే పనికొస్తుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. క్లబ్బు కార్యక్రమాలన్నీ దీనికి జవాబుగానే ఉంటాయి.

వారం వారం నడిపే నెట్‌నే, అంటే రేడియో మీద జరిగే సమావేశాన్నే తీసుకోండి. ఒకే ఫ్రీక్వెన్సీ మీదికి అందరూ ఒకే టైంకు వస్తారు. నెట్ కంట్రోల్ చేసే వ్యక్తి ఒక్కొక్కరిని పిలిస్తే కాల్‌సైన్ చెప్పి, ఎక్కడున్నదీ, సిగ్నల్ ఎలా వినిపిస్తున్నదీ చెప్పి ఆగాలి. బయటినుంచి వినేవాళ్లకు ఇది హాజరు పట్టీలా అనిపిస్తుంది. కానీ రేడియోలో ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు మాట్లాడకూడదు. ఇద్దరూ ఒకేసారి బటన్ నొక్కితే ఎవరి మాటా అర్థం కాదు. టెన్షన్‌లో ఉన్నప్పుడు కూడా వేలు బటన్ మీద నుంచి తీసి వినగలగడం అలవాటు మీదే వస్తుంది.

నెట్ చివర మాలో మేమే ఒక నమూనా సందేశం పంపుకుంటాం. ఒకరు చదవాలి, అవతలివాళ్లు రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. పదాల లెక్క సరిపోవాలి. మన జిల్లాల్లో దీని అవసరం ఎంతో ఊళ్ల పేర్లే చెబుతాయి. వెంకటాపూర్, వెంకటాపురం రెండూ ములుగు జిల్లాలోని మండలాలే. ఒకటి రామప్ప ఉన్న వైపు, రెండోది గోదావరి అవతలి ఒడ్డున. గరగరలాడే సిగ్నల్‌లో చివరి అక్షరం పోయిందంటే పడవ వెళ్లాల్సిన చోటు మారిపోతుంది. అందుకే ఊరి పేరు ఒక్కటే చెప్పి వదలం. ఇంగ్లిష్ అక్షరాలు విక్టర్, ఎకో, నవంబర్ అని విడదీసి చెబుతాం, పక్కన ఉన్న పెద్ద గుర్తు కూడా చెబుతాం: "రామప్ప దగ్గరి వెంకటాపూర్" అని. కొత్తవాళ్లకు ఇది మొదట్లో విసుగు పుట్టిస్తుంది. నేను మాత్రం ఈ ఒక్క విషయంలో మెత్తబడను.

ఫీల్డ్ డే కూడా ఇలాంటిదే. ధర్మసాగర్ చెరువు కట్ట లాంటి చోటికి సామానంతా తీసుకెళ్లి, కరెంటు లైను వాడకుండా, బ్యాటరీలు, సోలార్ ప్యానెల్ మీద స్టేషన్ నడపాలి. అక్కడ బయటపడేవి చిన్న విషయాలే: కేబుల్ రెండడుగులు తక్కువైంది, కనెక్టర్ సోల్డరింగ్ వదిలింది, తాడు చెట్టుకొమ్మ మీదికి విసరడం ఎవరికీ రాదు, ఎవరితో మాట్లాడిందీ రాసుకునే లాగ్‌బుక్ రాత్రి చూడటానికి లైటు లేదు. వరద రోజున ఇవి తెలిసి లాభం లేదు.

అపోహ: ఫాక్స్ హంట్ పిల్లల ఆట.

పిల్లలు ఆడతారు, పెద్దలకంటే బాగా ఆడతారు కూడా. ఒక చిన్న ట్రాన్స్‌మిటర్‌ను ఎక్కడో దాచి, ఉండి ఉండి సిగ్నల్ పంపేలా పెడతాం. దాన్ని వెతకాలి. ఇనుప కొలత టేపు ముక్కలు, పీవీసీ పైపుతో మూడు ఎలిమెంట్ల యాగీ యాంటెనాను (ఒక దిక్కుకే బాగా పనిచేసేది) ఇంట్లోనే చేసుకోవచ్చు. ఖర్చు కొన్ని వందల్లోనే ఉంటుంది, ఒంగినా విరగదు. దాన్ని చుట్టూ తిప్పితే ఒక దిక్కున సిగ్నల్ పెరుగుతుంది. మ్యాపు మీద ఆ దిక్కుకు గీత గీస్తారు. ఇంకో చోటికి వెళ్లి మరో గీత. రెండూ కలిసిన చోట వెతకాలి.

చెప్పినంత సులువు కాదు. హనుమకొండ చుట్టూ ఉన్న రాతి గుట్టల నుంచి, అపార్ట్‌మెంట్ల గోడల నుంచి సిగ్నల్ తిరిగి వస్తుంది, గుట్ట వైపు పరుగెత్తినవాళ్లు ఉత్త చేతులతో వస్తారు. దగ్గరికి వెళ్లాక ఇంకో చిక్కు: అన్ని దిక్కులా సిగ్నల్ మీటర్ నిండుగా చూపిస్తుంది. అప్పుడు యాంటెనా తీసేసి, సెట్టును ఛాతీకి ఆనించి మెల్లగా గుండ్రంగా తిరగాలి. సిగ్నల్ బాగా తగ్గిందంటే ట్రాన్స్‌మిటర్ మీ వీపు వెనక ఉంది, ఒంటితోనే దాన్ని ఆపారు. ఎవరి సెట్టు బటనో ఇరుక్కుపోయి ఫ్రీక్వెన్సీ అంతా మూసుకుపోయినప్పుడు, ఎక్కడినుంచో వచ్చే గోల బ్యాండ్‌ను పాడుచేస్తున్నప్పుడు దాని మూలం పట్టుకునే విద్య ఇదే.

అపోహ: ఆన్‌లైన్‌లో వాకీటాకీ కొంటే హామ్ అయిపోయినట్టే.

వాస్తవం: కాదు. లైసెన్సు లేకుండా హామ్ బ్యాండ్లలో ప్రసారం చేయడం నేరం. లైసెన్సు వివరాలు చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్న ఆన్‌లైన్ సంస్థలకు 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులు ఇచ్చింది. లైసెన్సు అక్కర్లేనివి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, నిర్ణీత తక్కువ పవర్‌తో, ప్రభుత్వ ఆమోదం ఉన్న సెట్లు. పెళ్లి మంటపంలోనో గోదాములోనో మాట్లాడుకోవడానికి అవి తీసుకోండి. చేతి సెట్లతో మేం ఎక్కువగా వాడే బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. అక్కడికి పరీక్ష దాటి రావాలి. కొందరు యువకులు ముందు సెట్టు కొని తర్వాత మా దగ్గరికి వస్తారు, నేను వాళ్లకు చెప్పేది ఒకటే: లైసెన్సు వచ్చేదాకా ఆ బటన్ నొక్కకండి.

అపోహ: ఇంజినీరింగ్ చదివినవాళ్లకే వస్తుంది. మోర్స్ కోడ్ తప్పనిసరి.

వాస్తవం: 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయవచ్చు. రెండు భాగాలుంటాయి: రేడియో సిద్ధాంతం, నిబంధనలు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్, అంటే అక్షరాలను పొట్టి, పొడుగు శబ్దాలుగా పంపే పద్ధతి, అవసరం లేదు. జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 పదాల వేగంతో పంపడం, వినడం రావాలి. కాల్‌సైన్ వీయూ3తో మొదలైతే రిస్ట్రిక్టెడ్, వీయూ2తో మొదలైతే జనరల్. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ.

ఓమ్ నియమం, బ్యాండ్ల హద్దులు, యాంటెనా పొడవు లెక్క, క్యూ కోడ్‌లు (క్యూతో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలు): పదో తరగతి సైన్సు గుర్తున్నవాళ్లకు అందేవే. మోటారు వైండింగ్ చేసేవాళ్లు, రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైనవాళ్లు యాంటెనాలు చుట్టడంలో డిగ్రీలున్నవాళ్లకంటే ముందుంటారు. ఒక్క సలహా: మోర్స్‌ను కాగితం మీద చుక్కలు, గీతలుగా బట్టీ పట్టకండి. డా-డి-డా-డిట్ అని చెవికే అలవాటు చేయండి. తబలా బోలు నోటితో నేర్చుకున్నట్టే ఇది కూడా వస్తుంది.

అపోహ: ఎంత పవర్ ఉంటే అంత దూరం.

వాస్తవం: చేతిలో పట్టుకునే 5 వాట్ల సెట్టుతో హనుమకొండ నుంచి సుమారు 145 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు నేరుగా మాట్లాడలేరు, మధ్యలో భూమి వంపు అడ్డం. అదే సెట్టుకు మంచి చేతి యాంటెనా తగిలిస్తే దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని అందుకోవచ్చు. మధ్యలో ఆకాశం తప్ప ఏమీ లేదు కదా. ఆ అంతరిక్ష కేంద్రం మన నెత్తి మీదుగా పోయేది సుమారు పది నిమిషాలే. అందులో వ్యోమగాముల హామ్ స్టేషన్ ఉంది, 145.800 మెగాహెర్ట్జ్ మీద కిందికి పంపుతుంది. 2025 జూలైలో శుభాంశు శుక్లా దాని ద్వారానే బెంగళూరులో ఉన్న విద్యార్థులతో మాట్లాడాడు. అంతకుముందు మన దేశమే హామ్‌ల కోసం హామ్‌శాట్ ఉపగ్రహాన్ని 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ6తో పంపింది. అది 2014 దాకా పనిచేసింది. స్కూలు పిల్లలకు ఇలాంటివి మన మీదుగా పోయే టైం చూసి ఆకాశం వైపు యాంటెనా తిప్పడం నేర్పే రోజంటే క్లబ్బులో నాకు అన్నిటికంటే ఇష్టం.

హెచ్‌ఎఫ్‌లో, అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య, రిస్ట్రిక్టెడ్‌కు 50 వాట్లు, జనరల్‌కు 400 వాట్ల హద్దు ఉంది. కానీ 50 వాట్లతో యూరప్ దాకా మాట వెళ్లిన రోజులున్నాయి, 400 వాట్లతో కూడా ఎవరూ పలకని రోజులున్నాయి. తేడా సూర్యుడిది. 11 ఏళ్ల చక్రంలో సూర్యుడి మీద మచ్చలు ఎక్కువైనప్పుడు 28 మెగాహెర్ట్జ్ బ్యాండ్ తెరుచుకుంటుంది, అంటే దాని మీద దూర దేశాలు వినిపిస్తాయి. డబ్బు ఉంటే ముందు యాంటెనా మీద, కేబుల్ మీద పెట్టండి, పవర్ మీద తర్వాత.

అపోహ: మిద్దె మీద యాంటెనా ఉంటే రేడియేషన్, పిచ్చుకలు చచ్చిపోతాయి.

రేడియో తరంగాలు ఎక్స్‌రేల లాంటివి కావు, కణాల్లోని అణువులను విడగొట్టేంత శక్తి వాటికి లేదు. మేం ప్రసారం చేసేది కూడా ఉండి ఉండి కొద్దిసేపే. అలాగని జాగ్రత్తలు వద్దని కాదు: ప్రసారం జరుగుతున్నప్పుడు యాంటెనాను ముట్టుకుంటే చర్మం కాలుతుంది, ఎక్కువ పవర్ వాడేటప్పుడు మనుషులకు దూరంగా ఎత్తులో ఉంచాలి. నిజమైన ప్రమాదం కరెంటు తీగలది. యాంటెనా కడుతున్నప్పుడు అది జారితే ఏ లైను మీద పడుతుందో ముందే చూసుకోవాలి. మబ్బు పట్టిందంటే పిడుగు భయానికి కేబుల్ ఊడదీసి బయట పెట్టాలి.

అపోహ: రహస్యంగా మాట్లాడుకోవచ్చు, వ్యాపారానికీ వాడుకోవచ్చు.

రెండూ కుదరవు. మాటను కోడ్‌లో దాచి పంపకూడదు, వ్యాపారం, రాజకీయ ప్రచారం, పాటల ప్రసారం చేయకూడదు. ఎవరైనా వినవచ్చు, వినాలి కూడా. తెలుగులో నిక్షేపంగా మాట్లాడుకోవచ్చు.

అపోహ: మేడారం జాతరకు హామ్‌లు సెట్లు పట్టుకుని వెళ్లిపోతే సరిపోతుంది.

వాస్తవం: మంచి మనసుతో అడిగే ప్రశ్నే ఇది. రెండేళ్లకోసారి లక్షల మంది ఒక్కచోట చేరే జాతరలో నెట్‌వర్క్ మొరాయిస్తుంది, మనుషులు తప్పిపోతారు. బెంగాల్‌లో గంగాసాగర్ మేళాలో తప్పిపోయినవాళ్లను ఇళ్లకు చేర్చడంలో అక్కడి హామ్‌లు ఎంతో సాయపడుతున్నారు. మన దగ్గరా చేయవచ్చు. అయితే అధికారుల అనుమతితో, వాళ్లు చెప్పిన చోట, ముందే కుదిరిన ఫ్రీక్వెన్సీ మీద. ఎవరికి వాళ్లు దిగితే సాయం కంటే గందరగోళమే ఎక్కువ. మా పని సందేశాన్ని ఉన్నదున్నట్టు చేరవేయడం వరకే. ఎవరిని ఎక్కడికి పంపాలన్న నిర్ణయం మాది కాదు.

ఆసక్తి ఉంటే ముందు వినండి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో ఉన్న వెబ్‌ఎస్‌డీఆర్ అనే ఇంటర్నెట్ రేడియో రిసీవర్‌ను ఫోన్‌లోనే తెరిచి అక్కడ వినిపించే హామ్‌లను ఉచితంగా వినవచ్చు. పరీక్షకు దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో చేయాలి. లైసెన్సు చేతికి రావడానికి ఓపిక కావాలి, ఈలోగా సాధన చేసుకోవచ్చు. ఏప్రిల్ 18 ప్రపంచ హామ్ దినోత్సవం. అక్టోబరులో స్కౌట్స్ పిల్లల కోసం రేడియో జాంబోరీ ఉంటుంది. ఆ రెండు సందర్భాల్లోనూ లైసెన్సు లేనివాళ్లు కూడా స్టేషన్ పక్కన కూర్చుని చూడవచ్చు. వచ్చేటప్పుడు ఒక నోటుబుక్కు తెచ్చుకోండి, లాగ్ రాయడం మొదటి రోజే మొదలుపెడతాం: తేదీ, టైం, ఫ్రీక్వెన్సీ, అవతలి కాల్‌సైన్, సిగ్నల్ రిపోర్టు. టైం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో రాయాలి, మన గడియారంలోంచి 5 గంటల 30 నిమిషాలు తీసేయండి.