కాలువలో పడిన కవరు ఎక్కడికి పోతుంది? ప్లాస్టిక్, నీటి జీవులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కృష్ణా డెల్టా కాలువల అడుగు బురదలో బతికే చిన్న ప్రాణులను పరిశీలించడం నా వృత్తి. ఆ కారణంగా విజయవాడ, గుంటూరు కళాశాలల్లోనూ, కాలనీ సంఘాల సమావేశాల్లోనూ ప్లాస్టిక్ గురించి మాట్లాడమని తరచుగా పిలుస్తుంటారు. వచ్చినవారి ఆందోళన నిజమైనదే. అయితే వారి మనసులో ఉన్న చిత్రం దాదాపు ఎప్పుడూ నడిసముద్రంలో తేలే చెత్తదే అయి ఉంటుంది. మన ప్రాంతంలో నష్టం మొదట జరుగుతున్నది కాలువల్లో, వాగుల్లో, అందులోనూ కంటికి కనిపించని అడుగున. తరచుగా వినే అపోహలను ఈ దృష్టితోనే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ఇది సముద్రానికి సంబంధించిన సమస్య, మనం తీరానికి దూరంగా ఉన్నాం.

విజయవాడ నుంచి బందరు తీరానికి సుమారు 70 కిలోమీటర్లు. పారే నీటికి అది పెద్ద దూరం కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలయ్యే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నగరం మధ్య నుంచే సాగుతాయి. అవతలి ఒడ్డు నుంచి పశ్చిమ డెల్టా కాలువలు గుంటూరు, బాపట్ల జిల్లాల పొలాలకు నీరు తీసుకువెళతాయి. బుడమేరు కొల్లేటిలో కలుస్తుంది, కొల్లేటి నీరు ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. బ్యారేజీ దాటిన కృష్ణ దివిసీమను చుట్టి హంసలదీవి వైపు సాగిపోతుంది. నగరంలో ఒక వీధి కాలువలో పడిన కవరుకు సముద్రం చేరడానికి ఇన్ని దారులు ఉన్నాయి.

ప్రపంచంలోని పది పెద్ద నదులే సముద్రపు ప్లాస్టిక్‌లో చాలా భాగాన్ని మోసుకొస్తున్నాయన్న మాట కూడా ఈ అపోహకు బలమిచ్చింది. 2017లో వెలువడిన ఒక అంచనా నుంచి పుట్టిన మాట అది. అంతకంటే సూక్ష్మంగా లెక్కగట్టి 2021లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నదుల ద్వారా సముద్రంలో చేరే ప్లాస్టిక్‌లో 80 శాతాన్ని 1,000కి పైగా నదులు కలిసి మోస్తున్నాయి. వాటిలో పట్టణాల గుండా పారే చిన్న నదుల వాటా చాలా ఎక్కువ. అంటే మహానదుల కంటే ముందుగా చూడవలసినవి బుడమేరు, గుంటూరు పీకలవాగు వంటి ప్రవాహాలే.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. కాలువలు, చెరువులు, సరస్సులు సముద్రానికి చెత్త మోసే గొట్టాలు కావు, వాటిలోనూ పూర్తి జీవవ్యవస్థలు ఉన్నాయి. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందిన కొల్లేటికి బుడమేరు మోసుకుపోయే చెత్తలో ఎంతో భాగం సముద్రాన్ని ఎన్నడూ చేరదు. అది అక్కడే మిగిలిపోతుంది.

అపోహ: పైన తేలే చెత్తను ఏరేస్తే కాలువ శుభ్రపడినట్టే.

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తున్న అపోహ ఇదే. దీన్ని పరీక్షించడానికి ఒక బకెట్ నీళ్లు, ఒక ఖాళీ మంచినీళ్ల సీసా, ఒక కత్తెర చాలు. సీసా మూత తీసి, సీసా గోడ నుంచి గోరంత ముక్క కత్తిరించి, రెండింటినీ నీటిలో వేసి వేలితో ఒకసారి ముంచి వదలండి. మూత పైకి వస్తుంది, ముక్క అడుగుకు చేరుతుంది. మూతను తయారుచేసే పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక. సీసాను తయారుచేసే పెట్ అనే ప్లాస్టిక్ సాంద్రత మాత్రం నీటి సాంద్రతకు దాదాపు 1.38 రెట్లు. నైలాన్, పీవీసీ కూడా మునిగేవే. తేలే రకం కూడా ఎల్లకాలం తేలదు. నీటిలో పడిన కొద్ది రోజులకే కవరు మీద బాక్టీరియా, నాచు కలిసి జారుడు పొర కడతాయి, దానికి ఒండ్రు అంటుకుంటుంది, బరువు పెరిగి అదీ మునుగుతుంది. గుర్రపుడెక్క ఉన్న చోట తేలే చెత్త దాని వేళ్లలో చిక్కుకుని కదిలే చాపలుగా ప్రయాణిస్తుంది. వియత్నాంలోని సైగాన్ నదిలో జరిగిన పరిశీలనల్లో, తేలే ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగం గుర్రపుడెక్కతో కలిసే సాగుతున్నట్టు తేలింది. గుర్రపుడెక్కను గట్టుకు లాగి, అందులోని కవర్లను ఏరకుండా ఎండబెట్టి వదిలేసే పద్ధతిని మనం ఇకనైనా మార్చుకోవాలి.

వేసవిలో కాలువలకు నీరు నిలిపివేసినప్పుడు అడుగుకు దిగితే అసలు పరిస్థితి అర్థమవుతుంది. పారతో బురదను నిలువుగా కోసి చూస్తే, ఒండ్రు పొరల మధ్య మడతలు పడిన కవర్ల అంచులు బయటికి కనిపిస్తాయి. ఒక కవరును నెమ్మదిగా ఎత్తితే, దాని పైన ఉన్న మన్ను గోధుమరంగులో, కింద ఉన్నది నల్లగా ఉంటుంది, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. కవరు నీటికీ బురదకీ మధ్య అడ్డంగా పరుచుకోవడంతో పైనుంచి ఆక్సిజన్ దిగదు. గాలి అందని బురదలో మరో రకం బాక్టీరియా పెరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ విడుదల చేస్తుంది. ఆ వాసన దానిదే. కవరు లేని చోట వేలితో కదిపితే కనిపించే సన్నటి ఎర్ర పురుగులు, నత్తలు, చిన్న ఆల్చిప్పలు కవరు కింద చాలా అరుదు. ఐర్లాండ్ తీరంలో పరిశోధకులు బురద మీద కవర్లు పరిచి చూసినప్పుడు, తొమ్మిది వారాల్లోనే కవరు కింది బురద ఆక్సిజన్ కోల్పోయింది, నాచు, పురుగులు గణనీయంగా తగ్గాయి. నేలలో కలిసిపోతుందని అమ్మే కవరుతోనూ ఫలితం అదే.

ఈ చిన్న ప్రాణుల గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మన చెరువుల్లో బొచ్చె పైనీటిలో, శీలావతి నడినీటిలో, ఎర్రమోసు అడుగున మేస్తాయని చేపల రైతులందరికీ తెలుసు. అడుగు బురద చచ్చిపోతే మొదట ఆహారం కోల్పోయేవి ఎర్రమోసు వంటి చేపలు. కుళ్లిన సేంద్రియ పదార్థాన్ని తిని నీటిని తేర్చే పని కూడా ఈ పురుగులదే, ఆల్చిప్పలదే.

అడుగున చేరింది అక్కడే ఉండిపోతుందనుకోవడం కూడా సరికాదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ పరిసర నదుల్లో, వరదకు ముందూ తర్వాతా అడుగు మట్టిని పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనం, నది అడుగున నిల్వ ఉన్న మైక్రోప్లాస్టిక్‌లో, అంటే చాలా చిన్న ప్లాస్టిక్ ముక్కల్లో, సుమారు 70 శాతాన్ని వరద తుడిచిపెట్టుకుపోయిందని చూపింది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, ఏళ్ల తరబడి పేరుకున్నది ఏ వేగంతో దిగువకు కదిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అపోహ: పసిఫిక్ మహాసముద్రంలో నడవగలిగేంత గట్టి ప్లాస్టిక్ ద్వీపం ఉంది.

అలాంటి ద్వీపం లేదు. 1997లో చార్లెస్ మూర్ అనే నావికుడు గమనించిన ఆ ప్రాంతంలో ప్లాస్టిక్ చాలా పలచగా చెదిరి ఉంది. ఓడలో వెళ్లేవారికి చాలావరకు నీరే కనిపిస్తుంది. 2018లో వెలువడిన అంచనా ప్రకారం 16 లక్షల చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో సుమారు 79 వేల టన్నుల ప్లాస్టిక్ ఉంది. సంఖ్యలో చూస్తే అత్యధికం చిన్న ముక్కలే. బరువులో చూస్తే 46 శాతం చేపల వలలు. ఏటా సముద్రంలో చేరే ప్లాస్టిక్ లక్షల టన్నుల్లో ఉంటుంది కాబట్టి, పైన తేలుతున్నది చాలా చిన్న భాగమే. మిగిలినది తీరాల్లో, అడుగున, నీటి లోతుల్లో ఉంది. మరియానా అగాధంలో 10 కిలోమీటర్లకు పైగా లోతున ఒక ప్లాస్టిక్ సంచి కనిపించింది.

అపోహ: తాబేళ్లు కవరును జెల్లీచేప అనుకుని పొరపాటున తింటాయి, అంతే.

చూపు మోసపోవడం నిజమే, అది కథలో సగం మాత్రమే. నీటిలో నానిన ప్లాస్టిక్ మీద పెరిగే నాచు, బాక్టీరియాల నుంచి ఆహారపు వాసనలు వెలువడతాయి. సముద్ర పక్షులు ఆకర్షితమయ్యే డైమిథైల్ సల్ఫైడ్ అటువంటిదే. సముద్ర తాబేళ్లు కూడా కొత్త ప్లాస్టిక్‌ను పట్టించుకోకుండా, నాచుపట్టిన ప్లాస్టిక్ వాసనకు ఆహారపు వాసనకు స్పందించినట్టే స్పందిస్తాయని 2020లో ప్రచురించిన ప్రయోగం చూపింది. అందువల్ల పారదర్శకమైన కవరును రంగు కవరుగా మార్చినంత మాత్రాన ఏ ప్రాణీ బతికిపోదు.

మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు మింగిన కవరుతో పాటు తెగిపోయిన వల కూడా ప్రాణాంతకమే. తంగూసు వల నీటిలో దాదాపు కనిపించదు, కుళ్లదు, వదిలేసిన తర్వాత కూడా ఏళ్ల తరబడి చేపల్ని, పీతల్ని, తాబేళ్లను పడుతూనే ఉంటుంది. మత్స్యకారులను నిందించడం నా ఉద్దేశం కాదు. వల పోగొట్టుకోవడం వారికి పెద్ద నష్టం, ఎవరూ కావాలని పారేయరు. పాతబడిన వలను తూకానికి కొనే ఏర్పాటు నిజాంపట్నం వంటి రేవుల్లో నిలకడగా ఉంటే, ఒడ్డున పడేసే అవసరమే రాదు.

అపోహ: నేలలో కలిసిపోయే కవర్లు వాడుతున్నాం కాబట్టి ఇబ్బంది లేదు.

మొక్కజొన్న పిండి వంటి వాటినుంచి తయారయ్యే పీఎల్ఏ వంటి పదార్థాలు విచ్ఛిన్నం కావాలంటే సుమారు 58 డిగ్రీల వేడిని నిలకడగా ఉంచే పారిశ్రామిక కంపోస్టు కేంద్రాలు కావాలి. కాలువ నీటిలో ఆ వేడి ఉండదు, సముద్రంలో అసలే ఉండదు. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కలిసిపోయే రకమని ముద్రించిన ఒక సంచిని మూడేళ్లు మట్టిలోనూ సముద్రపు నీటిలోనూ ఉంచి, తర్వాత దానిలో సామాన్లు నింపి మోయగలిగారు. ప్లాస్టిక్‌లో రసాయనాలు కలిపి త్వరగా పొడి అయ్యేలా చేసిన ఆక్సో రకం కవర్లు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అవి కళ్ల ముందునుంచి మాయమై ముక్కలుగా నీటిలోనే మిగిలిపోతాయి. ఐరోపా సమాఖ్య వాటిని నిషేధించింది.

సీసా కరగడానికి 450 ఏళ్లు పడుతుందన్న మాటను కూడా పాఠ్యపుస్తకాల్లోని సూత్రంలా చెబుతారు. ప్లాస్టిక్ పెద్ద ఎత్తున వాడకంలోకి వచ్చింది 1950ల నుంచి మాత్రమే. కాబట్టి 450 ఏళ్లన్నది ఎవరూ కొలిచి చూసిన కాలం కాదు, అంచనా మాత్రమే. ఆ అంకె ముగింపు తేదీలా వినిపిస్తుంది. ఎండకు, అలలకు జరిగేది ముక్కలవడమే.

అపోహ: మైక్రోప్లాస్టిక్ అంటే విరిగిన కవర్లు, సీసాల ముక్కలే.

5 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కలన్నిటినీ మైక్రోప్లాస్టిక్ అంటారు. వాటిలో చాలా భాగం కవర్ల నుంచి రాదు. పాలిస్టర్ చీరలు, చుడీదార్లు ఉతికిన ప్రతిసారీ కంటికి ఆనని పోగులు నీటిలో కలుస్తాయి. బెంజి సర్కిల్ వంటి రద్దీ కూడళ్లలో అరిగిన టైర్ల పొడి తొలి వానకు కాలువల్లోకి కొట్టుకొస్తుంది. నేరుగా చిన్న రేణువులుగానే సముద్రంలో చేరే ప్లాస్టిక్‌లో సుమారు 35 శాతం బట్టల నుంచి, 28 శాతం టైర్ల నుంచి వస్తున్నట్టు 2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ప్రచురించిన అంచనా చెబుతోంది. మురుగునీటి శుద్ధి కేంద్రాలు వీటిలో ఎక్కువ భాగాన్ని పట్టుకుంటాయి గానీ, పట్టుకున్నది మడ్డిలో ఉంటుంది, ఆ మడ్డిని పొలాల్లో వేస్తే మళ్లీ నీటిలోకే వస్తుంది. గుంటూరు ప్రాంతంలో మిర్చి, కూరగాయల మళ్లలో పరిచే పలచని మల్చింగ్ షీట్లను కూడా ఇక్కడే ప్రస్తావించాలి. పంట తీసిన తర్వాత అవి చిరిగి, దుక్కిలో కలిసి, వానకు మురుగు కాలువల్లోకి వస్తాయి. కొంచెం ధర ఎక్కువైనా మందమైన షీటు వేస్తే, సీజన్ చివర దాన్ని చిరగకుండా చుట్టి తీయవచ్చు.

అపోహ: మనం వారానికి ఒక ఏటీఎం కార్డంత ప్లాస్టిక్ తింటున్నాం కాబట్టి చేపలు మానేయాలి.

వారానికి 5 గ్రాములన్న ఆ అంకె 2019లో ప్రచారంలోకి వచ్చింది. ఆ తర్వాత జరిగిన లెక్కింపుల్లో అది అతిశయమని తేలింది. 2021లో వచ్చిన ఒక అంచనా దానికి లక్షల రెట్లు తక్కువ. అలాగని కొట్టిపారేయవలసిన విషయం కాదు. 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు పరీక్షించిన 22 మందిలో 17 మంది రక్తంలో ప్లాస్టిక్ రేణువులు కనిపించాయి. చేప తిన్న ప్లాస్టిక్ ఎక్కువగా దాని పేగుల్లో ఉంటుంది, మనం పేగులు తీసేసి వండుకుంటాం. నెత్తళ్ల వంటి చిన్న చేపలను మాత్రం చాలామంది మొత్తంగానే వండుతారు, వాటి పొట్ట గిల్లి కడిగితే మంచిది. ప్రొటీన్ కోసం చేప మీదే ఆధారపడిన కుటుంబాలను భయపెట్టి మాన్పించడం మేలు చేయదు.

అపోహ: గట్టు మీద తగలబెట్టేస్తే నీటిలోకి పోదు.

పోతుంది. సగం కాలిన ముద్దలు, బూడిద తొలి వానకే కాలువలో కలుస్తాయి. పీవీసీ ఉంటే డయాక్సిన్లు అనే విషపదార్థాలు కూడా పుడతాయి.

అపోహ: ప్లాస్టిక్ అంతా రీసైకిల్ అవుతుంది, పాత సామాన్ల వాళ్లు ఏరుకుంటారు.

2015 వరకు ప్రపంచంలో చెత్తగా మారిన ప్లాస్టిక్ మొత్తంలో రీసైకిల్ అయింది సుమారు 9 శాతం మాత్రమేనని 2017లో ప్రచురించిన లెక్క చెబుతోంది. చెత్త ఏరుకునేవారు సీసాలు, గట్టి డబ్బాలు తీసుకువెళతారు, వాటికి ధర ఉంది. మన కాలువల్లో మిగిలేది ధర లేనిదే: పలచని కవర్లు, షాంపూ, చిప్స్, పాన్ మసాలా ప్యాకెట్లు, అల్యూమినియం పూత ఉన్న పొట్లాలు. 2022 జులై 1 నుంచి కొన్ని ఒకసారి వాడి పారేసే వస్తువులను, అదే ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పలచని క్యారీ బ్యాగులను దేశమంతటా నిషేధించడం ఈ కోణంలో సరైన నిర్ణయం. అమలు సంగతి ఏ రైతుబజారుకు వెళ్లినా తెలుస్తుంది. పొరలు పొరలుగా అతికించిన ప్యాకెట్లకు ఆ నిషేధం వర్తించదు కాబట్టి, వాటిని తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారులతో నిజంగా మోయించాలి.

అపోహ: సముద్రంలోకి పెద్ద యంత్రాలు పంపితే సమస్య తీరుతుంది.

ఆ యంత్రాలు పట్టేది పైన తేలేదాన్నే. కాలువలో అయితే ప్లాస్టిక్ ఇరుకైన చోట, తక్కువ లోతులో దొరుకుతుంది. నీరు నిలిపిన వారాల్లో, వంతెనల దిగువన, మలుపుల లోపలి వైపున, లాకుల ముందు అది ఎక్కువగా పేరుకుని ఉంటుంది, ముందుగా అక్కడ తీయాలి. పూడిక తీసేటప్పుడు బురదను, ప్లాస్టిక్‌ను కలిపి గట్టు మీదే పోయడం ఇప్పుడు మామూలు. అలా చేస్తే మొదటి జోరువానకే అది మళ్లీ కాలువలో పడుతుంది. ఒక రోజు గట్టున ఆరనిచ్చి, జల్లెడ పట్టి కవర్లను వేరు చేసి, మట్టిని మాత్రమే గట్టుకు వాడాలి. ఇదంతా కాలువలకు నీరు వదలకముందే పూర్తికావాలి, ఆ తర్వాత అడుగు మళ్లీ ఏడాదిదాకా మన చేతికి అందదు.