ఉప్పునీటి మీద మీగడ

నెల్లూరు జిల్లా మైపాడు నుంచి కొత్తపట్నం దాకా తీరం వెంట ఇసుక నేలల్లో తిరిగితే, సరుగుడు తోటల పక్కన అక్కడక్కడా లోతు తక్కువ గుంటలు కనిపిస్తాయి. వాటినే దొరువులంటారు. ఇసుక తోడితే అడుగున నీళ్లు ఊరతాయి. సముద్రపు హోరు వినిపించేంత దగ్గరున్నా ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి. కడవలతో ముంచి నారుమళ్లు తడుపుకున్న తరాలు ఇక్కడ గడిచాయి. వాకాడు వైపు రాయదొరువు అని ఏకంగా ఊరే ఉంది.

ఆ తీపి వానది. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. నల్లరేగడి మీద పడింది చాలావరకు పారిపోతుంది. ఇసుక దిబ్బ మాత్రం పడ్డది పడ్డట్టే తాగేస్తుంది. అలా దిగిన నీరు, నేల కింద లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు నీటితో వెంటనే కలిసిపోదు. లీటరు మంచినీళ్లు కిలో తూగితే, అంతే సముద్రపు నీళ్లు సుమారు 1,025 గ్రాములు తూగుతాయి. తేలికది పైన నిలుస్తుంది, పాల మీద మీగడలాగా.

ఆ 25 గ్రాముల తేడాలోనే లెక్కంతా ఉంది. మంచినీటి మట్టం సముద్రమట్టం కన్నా ఒక్క అడుగు ఎత్తున ఉంటే, సముద్రమట్టానికి కింద దాదాపు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. డచ్ ఇంజనీరు బాడన్ గైబెన్ 1880ల చివర్లో, జర్మనీలో హెర్జ్‌బర్గ్ 1901లో, ఎవరికి వారుగా తేల్చిన సూత్రమిది. దీన్నే తిరగేసి చదివితే నాకు గుండె జారుతుంది. పైన మట్టం అడుగు తగ్గితే, కింద ఉప్పు 40 అడుగులు పైకి రావచ్చు. నేల పొరలను బట్టి అంకె అటూఇటూ అవుతుంది గానీ, ఉప్పు జరిగేది పైకే.

బోరు దించి మోటారుతో గట్టిగా లాగితే, సరిగ్గా దాని కిందే ఉప్పునీరు గోపురంలా ఉబ్బి లేస్తుంది. మోటారు ఆపాక గోపురం మెల్లగా దిగినా, కలిసిన ఉప్పు అంత తేలిగ్గా పోదు. కడవతో ముంచుకుంటే ఈ బాధ లేదు. 2011 నాటి తీరప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా, పోటు గీత (సముద్రపు పోటు చేరే హద్దు) నుంచి 200, 500 మీటర్ల మధ్య, వేరే నీటి వసతి లేనిచోట, మామూలు బావుల నుంచి చేత్తో తోడుకోవడానికే అనుమతించాయి. ఇసుక దిబ్బలను అత్యంత సున్నితమైన తరగతిలో చేర్చాయి.

అయినా దిబ్బను పనికిరాని మిట్టగా చూసే అలవాటు పోలేదు. దాన్ని చదును చేసి రొయ్యల చెరువు తవ్వితే రెండు దెబ్బలు ఒక్కసారే తగులుతాయి: వాన నిలవ చేసే ఇసుక పోతుంది, పైనుంచి ఉప్పునీరు ఇంకుతుంది. తీరగ్రామాల తాగునీరు ఉప్పెక్కుతోందన్న వాదన 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన రొయ్యల చెరువుల తీర్పులో ముఖ్యమైన అంశం.

మోటారు అసలే వద్దనడం లేదు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం దొరువునే కొద్దిగా మార్చి చూపింది. మంచినీటి పొరలో, ఎక్కువ లోతుకు పోకుండా చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, వాటిని ఒక బావిలోకి కలుపుతారు. నీరు నలువైపుల నుంచీ నెమ్మదిగా ఊరి బావిలో చేరుతుంది. ఒకేచోట లాగడం ఉండదు కాబట్టి కింద గోపురం లేవదు. చిన్న మోటారుతో పైపైన తోడుకుని, బావి మళ్లీ ఊరేదాకా ఆగుతారు.