చెక్ ఇంజన్ లైట్ వెలగగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తున్నారా? అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో పెట్రోల్ కార్ల రిపేర్లు చేస్తుంటాను. ఆక్సిజన్ సెన్సర్ అంటే సైలెన్సర్ పైపులో ఉండి, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూసి ఇంజన్ కంప్యూటర్‌కి చెప్పేది. "ఆక్సిజన్ సెన్సర్ పోయిందంట అన్నా, కొత్తది వేసెయ్" అంటూ బండి తెచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు. ఎవరు చెప్పారంటే స్కానర్ (కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే మెషిన్) చెప్పిందంటారు. తీరా చూస్తే వాటిలో చాలా బండ్లకి సెన్సర్ బాగానే ఉంటుంది, రోగం ఇంకెక్కడో ఉంటుంది. వేలకు వేలు పోసి పార్టు మార్చాక అదే లైటు మళ్ళీ వెలిగితే ఎంత బాధో రోజూ చూస్తున్నాను కాబట్టి రాస్తున్నా.

అపోహ: స్కానర్‌లో కోడ్ వచ్చిందంటే సెన్సర్ పోయినట్టే.

కోడ్ చెప్పేది తేడా ఎక్కడ కనిపించిందో అంతవరకే, ఏ పార్టు కొనాలో అది చెప్పదు. పీ0135 అంటే ముందు సెన్సర్‌ని (పొగని శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందుండేది) వేడెక్కించే హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని అర్థం. హీటర్ కాలిపోయి ఉండొచ్చు, ఫ్యూజు పోయి ఉండొచ్చు, ఎలుక వైరు కొరికి ఉండొచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు నీళ్ళలో మునిగిన బండ్లయితే నేను ముందు కప్లర్ (వైర్లు కలిపే కనెక్టర్) విప్పి చూస్తాను, పిన్నులకి పచ్చగా చిలుము పట్టి ఉంటే సెన్సర్ జోలికి పోనక్కర్లేకుండానే పని అయిపోవచ్చు.

ఇక పీ0171 అయితే అసలు సెన్సర్ కోడే కాదు. పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అయిందని సెన్సర్ నిజమే చెబుతోంది. వాక్యూమ్ పైపు చీలినా, ఫ్యూయల్ పంపు ప్రెషర్ తగ్గినా, ఎయిర్ ఫ్లో సెన్సర్‌కి మురికి పట్టినా ఇదే కోడ్ వస్తుంది.

ఒక్క విషయం అర్థం చేసుకుంటే సగం చిక్కులు విడిపోతాయి: ఈ సెన్సర్ పెట్రోల్‌ని చూడదు, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని మాత్రమే చూస్తుంది. ఒక సిలిండర్‌లో ప్లగ్గు సరిగ్గా స్పార్క్ ఇవ్వలేదనుకోండి, అక్కడ వాడకుండా మిగిలిన ఆక్సిజన్ అంతా సెన్సర్ దగ్గరికి వస్తుంది, అది "గాలి ఎక్కువ" అంటుంది, కంప్యూటర్ నమ్మి ఇంకాస్త పెట్రోల్ పోస్తుంది. సైలెన్సర్‌లో పచ్చి పెట్రోల్ వాసన, మైలేజీ డౌన్, కోడ్ మాత్రం లీన్, అంటే పెట్రోల్ తక్కువని! ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ (ఇంజన్‌కీ పొగ గొట్టానికీ మధ్య సీలు) లీకైనా ఇంతే, ఆ సందులోంచి బయటి గాలి లోపలికి లాక్కుంటుంది. అందుకే నేను ప్లగ్గులు, కాయిల్స్, గ్యాస్కెట్ చూశాకే సెన్సర్ వైపు చూస్తాను.

అపోహ: మీటర్ పెడితే వోల్టేజీ వస్తోంది, కాబట్టి సెన్సర్ మంచిదే.

వోల్టేజీ ఉందా అని కాదు, కదులుతోందా అని చూడాలి. నాలుగు వైర్ల మామూలు సెన్సర్ దాదాపు 300 డిగ్రీల వేడెక్కితే గానీ సరిగ్గా పనిచేయదు. ఇంజన్ బాగా వేడెక్కాక 2,000 - 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే ముందు సెన్సర్ సిగ్నల్ సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఆగకుండా పైకీ కిందికీ ఊగాలి. చాలా బండ్లలో 0.45 దగ్గర కదలకుండా నిలబడిందంటే అది కంప్యూటర్ పంపే వోల్టేజీ, సెన్సర్ పలకట్లేదన్నమాట.

ఇంకా అనుమానముంటే ఒక చిన్న వాక్యూమ్ పైపు విప్పండి, వోల్టేజీ 0.2 కిందికి పడాలి. పైపు మళ్ళీ పెట్టేసి యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కండి, 0.8 పైకి లేవాలి. రెండూ టకటకా జరిగితే ఆ సెన్సర్‌ని మార్చొద్దు. బద్ధకంగా కదిలితే దానికి వయసైపోయింది. హీటర్‌కయితే ఇంజన్ ఆపి, కప్లర్ విప్పి, ఒకే రంగులో ఉన్న రెండు వైర్ల మధ్య ఓమ్స్ చూడాలి, చల్లగా ఉన్నప్పుడు మామూలుగా కొద్ది ఓమ్సే ఉంటాయి, అసలు కంటిన్యుటీనే లేకపోతే హీటర్ తెగిపోయినట్టు. ఐదు వైర్ల వైడ్‌బ్యాండ్ సెన్సర్‌కి మాత్రం ఈ వోల్టేజీ లెక్కలు పనికిరావు, స్కానర్ లైవ్ డేటాలో లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ళు చూపే అంకె) చూసుకోవాలి.

అపోహ: వెనక సెన్సర్ ఊగట్లేదు, కాబట్టి అది పోయింది.

తిరగేసి అర్థం చేసుకుంటున్నారు. క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఉండే సెన్సర్ సిగ్నల్ నిలకడగానే ఉండాలి. అది కూడా ముందుదానిలా ఊగుతోందంటే కన్వర్టర్ పని అయిపోవచ్చిందేమో చూడాలి.

అపోహ: పెట్రోల్‌లోనో యాసిడ్‌లోనో కడిగితే కొత్తదవుతుంది.

కాదు. కూలెంటు, ఇంజన్ ఆయిల్, సిలికాన్ గమ్ పొగ పట్టిన సెన్సర్ కడిగితే బాగుపడదు. ఉత్త మసి అయితే, అసలు లోపం సరిచేశాక గుంటూరు హైవే మీద ఒక రౌండ్ వేస్తే ఆ వేడికి చాలావరకు దానంతటదే కాలిపోతుంది. బ్యాటరీ విప్పి పెట్టడమూ వైద్యం కాదు, కోడ్ చెరుగుతుంది, రోగం ఉంటుంది.

అపోహ: సీఎన్‌జీ బండికి ఈ సెన్సర్‌తో పనిలేదు.

సీక్వెన్షియల్ సీఎన్‌జీ కిట్ (ఒక్కో సిలిండర్‌కి విడిగా గ్యాస్ ఇచ్చేది) గ్యాస్ కొలత లెక్కగట్టేదే పెట్రోల్ ఇంజెక్షన్ టైముని బట్టి, ఆ టైముని సరిదిద్దేది ఈ సెన్సర్. గ్యాస్ ట్యూనింగ్ తప్పయితే పెట్రోల్‌లోకి మార్చగానే కోడ్ రావచ్చు. పెట్రోల్ మీద ఒకసారి, గ్యాస్ మీద ఒకసారి విడిగా చూడమని అడగండి.

అపోహ: మార్చడం ప్లగ్గు మార్చినంత సులువు.

పాతది పట్టేసి ఉంటుంది. చల్లటి ఇంజన్ మీద బలం పెడితే సైలెన్సర్ పైపు మర కూడా చెడుతుంది. ముందు రస్ట్ స్ప్రే కొట్టి నాననివ్వాలి, ఇంజన్ కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు, వైరు బయటికి వచ్చేలా చీలిక ఉన్న 22 నంబర్ సాకెట్‌తో విప్పాలి. కొత్తదాని మరకి చాలావరకు కంపెనీనే యాంటీ సీజ్ (మర పట్టేయకుండా పూసే పేస్టు) పూసి పంపుతుంది, లేకపోతే మరకి మాత్రమే కొంచెం రాయాలి, మొనకి తగలనివ్వకూడదు. వైర్లు కత్తిరించి సోల్డర్ పెట్టించొద్దు, చాలా సెన్సర్లకి పోల్చుకోడానికి కావలసిన బయటి గాలి ఆ వైర్ల లోపలి నుంచే అందుతుంది. మీ బండి కప్లర్‌తోనే వచ్చేది కొనండి.

బిగించాక కోడ్ చెరిపి, కాసేపు రోడ్డు మీద తిప్పి, ఫ్యూయల్ ట్రిమ్స్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచి, తగ్గించి సరిదిద్దుతోందో చూపే అంకెలు) అటూ ఇటూ 10 శాతం లోపే ఉన్నాయో లేదో స్కానర్‌లో మీ కళ్ళతో చూసి అప్పుడు డబ్బులివ్వండి.