ఒక్క మిషను మీద కుబర్నెటీస్: అపోహలు - వాస్తవాలు

నల్గొండ, మిర్యాలగూడ వైపు రైస్‌మిల్లులకు, బత్తాయి వ్యాపారులకు ఎన్8ఎన్ (పనులను తనంతట తానే నడిపే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్) పెట్టి నడిపించడం నా పని. కాంటా చీటీ ఎంట్రీ పడగానే రైతుకు మెసేజ్ పోవాలి, పొద్దుగూకేసరికి ఓనరు ఫోనుకు లెక్క రావాలి. దాన్ని సొంత సర్వర్ మీదే, కుబర్నెటీస్‌తో (అప్లికేషన్లను కంటైనర్లు అనే విడి ప్యాకెట్లలో నడిపించి చూసుకునే వ్యవస్థ) పెట్టుకుంటామనేవాళ్ల దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: కుబర్నెటీస్‌కు మూడు సర్వర్లు లేనిదే పని కాదు.

వాస్తవం: కే3ఎస్ (కుబర్నెటీస్‌లో తేలికపాటి రకం) ఒక్క మిషను మీద హాయిగా నడుస్తుంది. 2 కోర్లు, 2 జీబీ ర్యామ్ కనీసం ఉండాలి. ఎన్8ఎన్ డేటా దాచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా అందులోనే పెడితే నేను 4 జీబీకి తగ్గను. మూడు అనే లెక్క క్లస్టర్ (కలిసి పనిచేసే మిషన్ల గుంపు) సమాచారం దాచే ఎట్‌సీడీ అనే డేటాబేస్‌ది: ఒకటి పోయినా మిగిలిన రెండూ మెజారిటీ అవుతాయి. ఒంటి మిషనులో కే3ఎస్ మామూలుగా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తోనే సరిపెట్టుకుంటుంది. ఒకే డబ్బాలో మూడు వర్చువల్ మిషన్లు పెట్టి ధీమాగా ఉండకండి, కరెంటు పోతే మూడూ పోతాయి. అసలు నడపాల్సింది ఒక్క ఎన్8ఎన్ అయితే కంటైనర్లను ఒక ఫైలుతో నడిపే డాకర్ కంపోజ్ చాలు. దాని పక్కన ఇంకో రెండు మూడు అప్లికేషన్లు చేరుతున్నప్పుడే కే3ఎస్ వైపు రండి.

అపోహ: తేలికపాటిది అంటే అసలుది కాదు.

వాస్తవం: కే3ఎస్ సర్టిఫైడ్ కుబర్నెటీసే. 2020 నుంచి సీఎన్‌సీఎఫ్ (కుబర్నెటీస్‌ను చూసుకునే సంస్థ) ప్రాజెక్టు. మైక్రోకే8ఎస్ అనే ఇంకో తేలికపాటి రకం కూడా మంచిదే. మినీక్యూబ్, కైండ్ మాత్రం నేర్చుకోవడానికి, టెస్టింగ్‌కు.

అపోహ: పాడ్ (అప్లికేషన్ నడిచే కంటైనర్ల కట్ట) పడిపోతే కుబర్నెటీసే లేపుతుంది, డేటాకు టెన్షన్ లేదు.

వాస్తవం: అది లేపేది పాడ్‌ను, డేటాను కాదు. కే3ఎస్‌తో వచ్చే లోకల్ పాత్ స్టోరేజ్ ఆ మిషను డిస్కులో ఒక ఫోల్డరే. డిస్కు పోతే అంతా పోయినట్టే. అంతకన్నా ముఖ్యం ఎన్‌క్రిప్షన్ కీ, అంటే దాచిన పాస్‌వర్డులను తెరిచే తాళంచెవి. మీరు ఇవ్వకపోతే ఎన్8ఎన్ మొదటిసారి లేచినప్పుడు తానే ఒకటి తయారు చేసుకుని తన ఫోల్డర్లో దాచుకుంటుంది. ఆ ఫోల్డర్‌కు వాల్యూమ్ (పాడ్ పోయినా మిగిలే స్టోరేజ్) ఇవ్వకుండా పాడ్ మళ్లీ పుడితే కొత్త కీ వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో వర్క్‌ఫ్లోలు భద్రంగానే ఉంటాయి, కానీ దాచిన పాస్‌వర్డులు, టోకెన్లు ఒక్కటీ తెరుచుకోవు. అన్నీ మళ్లీ ఎక్కించుకోవాల్సిందే. అందుకే కీని ముందే కుబర్నెటీస్ సీక్రెట్‌గా (రహస్యాలు పెట్టుకునే చోటు) ఇచ్చి, ఒక కాపీ సర్వర్ బయట ఉంచండి. డేటాబేస్ డంప్ (మొత్తం కాపీ) రోజూ వేరే చోటికి పోవాలి. దాన్ని అప్పుడప్పుడు ఇంకో మిషను మీద రీస్టోర్ చేసి చూడాలి.

అపోహ: రెప్లికాలు (ఒకే అప్లికేషన్ నకళ్లు) రెండు చేస్తే వేగం రెట్టింపు.

వాస్తవం: మెయిన్ ప్రాసెస్‌ను ఊరికే రెండు చేస్తే ఒకే షెడ్యూల్ రెండుసార్లు నడిచి, రైతుకు రెండు మెసేజ్‌లు పోతాయి. లోడ్ నిజంగా పెరిగితే రెడిస్ (పనుల వరుసను పట్టుకునే డేటా స్టోర్) పెట్టి క్యూ మోడ్‌కు మారి, ఆ వరుసలోని పనులు చేసే వర్కర్లను పెంచండి. మెయిన్ ఒక్కటే ఉండనివ్వండి.

అపోహ: పొద్దున 6కు రావాల్సింది సాయంత్రం వస్తోందంటే క్లస్టర్ బాగాలేనట్టే.

వాస్తవం: టైమ్‌జోన్ చూడండి. మార్చకపోతే ఎన్8ఎన్ న్యూయార్క్ టైమే పట్టుకుంటుంది. అక్కడ పొద్దున 6 అంటే మనకు మధ్యాహ్నం 3:30, చలికాలంలో 4:30. ఏషియా కోల్‌కతా అని పెట్టండి.

అపోహ: ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వెబ్‌హుక్‌లు (బయటి సర్వీసులు మన ఎన్8ఎన్‌కు పంపే కబుర్లు) వచ్చేస్తాయి.

వాస్తవం: చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, రూటర్‌లో పోర్టు తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు. స్టాటిక్ ఐపీ తీసుకోండి, లేదా క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ (లోపలి నుంచే బయటికి దారి తెరిచే సర్వీసు) పెట్టండి. వెబ్‌హుక్ యూఆర్‌ఎల్ సెట్టింగులో ఆ బయటి డొమైన్ పేరే ఇవ్వండి.