క్రోనో ట్రిగ్గర్: పాతబడిందా, పాకాన పడిందా?

తిరునాళ్లలో ఒక బల్ల మీద ఎవరిదో భోజనం మూట కనిపిస్తుంది. బటన్ నొక్కితే మన కథానాయకుడు శుభ్రంగా తినేస్తాడు. ఎవరూ ఏమీ అనరు. రోల్ ప్లేయింగ్ ఆటలు, అంటే ఆర్పీజీలు ఆడేవారికి ఇందులో వింతేమీ లేదు. పరాయి ఇళ్లలోకి చొరబడి, పెట్టెలు తెరిచి, దొరికింది సంచిలో వేసుకోవడం ఈ ఆటల్లో మామూలే. కొంతసేపటికి అదే కుర్రాడు రాకుమార్తెను అపహరించాడన్న అభియోగం మీద బోనెక్కుతాడు. ఆ మూట గల పెద్దాయన వచ్చి సాక్ష్యం చెబుతాడు. తప్పిపోయిన పిల్లిని పాపకు అప్పగించామా లేదా, తిరునాళ్లలో ఒక అమ్మాయిని గుద్దుకున్నప్పుడు ముందు ఆమెను పలకరించామా లేక కిందపడిన ఆమె లాకెట్ కోసం వంగామా, అన్నీ లెక్కకు వస్తాయి. ఏడుగురు జ్యూరీ సభ్యులు ఒక్కొక్కరే నడిచి వచ్చి, దోషి అనే వైపో నిర్దోషి అనే వైపో నిలబడతారు.

ఆ ఆట పేరు క్రోనో ట్రిగ్గర్. 1995 మార్చి 11న జపాన్‌లో సూపర్ ఫామికామ్ అనే ఆటల యంత్రం కోసం విడుదలైంది. అప్పటినుంచి కొత్త యంత్రం మీదికి ఎక్కిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: ఇంత పాత ఆట ఇప్పుడు ఆడదగ్గదేనా? ఆడదగ్గదేనని నా జవాబు. అయితే ఆ అనుమానానికీ ఒక చరిత్ర ఉంది. అందులో సగం ఈ ఆట చేసిన తప్పు కాదు.

జపాన్ ఆర్పీజీ అనగానే నెమ్మది, విసుగు, రెండడుగులకొక పోరాటం గుర్తుకొస్తాయి. ఆ పేరు ఊరికే రాలేదు. 1981లో అమెరికాలో వచ్చిన విజార్డ్రీ, అల్టిమా అనే కంప్యూటర్ ఆటల మీద యూజీ హోరీ అనే జపాన్ రచయితకు మోజు కలిగింది. వాటిని పిల్లలకు కూడా అర్థమయ్యేలా మలిచి, 1986 మే నెలలో ఎనిక్స్ కంపెనీ తరఫున డ్రాగన్ క్వెస్ట్ తెచ్చారు. ఆ మొదటి క్యాసెట్‌లో ఆటను దాచుకునే వీలు లేదు. ఆపాలంటే తెర మీద వచ్చే ఇరవై అక్షరాల 'మంత్రాన్ని' నోటుపుస్తకంలో రాసుకోవాలి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు తూచా తప్పకుండా ఎక్కించాలి. హిరగాన లిపిలో ఒకదాన్నొకటి పోలిన అక్షరాలు ఉన్నాయి, మనకు థ, ధ ఉన్నట్టు. ఒక్కటి తప్పు రాసుకుంటే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు. రెండో భాగంలో మంత్రం యాభై రెండు అక్షరాల దాకా పెరిగింది. 1988లో మూడో భాగం వచ్చిన రోజున పిల్లలు బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు వరుస కట్టారు. ఈ ఆటలను పనిదినాల్లో అమ్మకూడదని జపాన్ ప్రభుత్వం చట్టం చేసిందన్న కథ ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది, అది కట్టుకథే.

1987 డిసెంబర్‌లో స్క్వేర్ కంపెనీ నుంచి హిరోనోబు సకాగుచి ఫైనల్ ఫాంటసీతో పోటీకి దిగారు. ఆ తరువాత దాదాపు పదేళ్ల పాటు జపాన్‌లో ఆర్పీజీ అంటే ఈ రెండు ఇళ్లే. రెండింటికీ తమ తమ అభిమానులు, వాదాలు. అలాంటి సమయంలో హోరీ, సకాగుచి, డ్రాగన్ బాల్ చిత్రకారుడు అకిరా తొరియామా, ముగ్గురూ కలిసి కంప్యూటర్ గ్రాఫిక్స్ చూసి రావడానికి 1992లో అమెరికా వెళ్లారు. డ్రాగన్ క్వెస్ట్‌లో రాక్షసులకు రూపం ఇచ్చిందీ తొరియామాయే. ఆ ప్రయాణంలోనే ముగ్గురం కలిసి ఏదైనా చేద్దామన్న మాట పుట్టింది. మన భాషలో చెప్పాలంటే మల్టీస్టారర్. ఎనిక్స్, స్క్వేర్ ఒకే కంపెనీగా కలిసింది 2003లో. అంతకు ఎనిమిదేళ్ల ముందే పోటీ ఇంటి ముఖ్యుడు హోరీ స్క్వేర్ ఇంట్లో కూర్చుని ఆట రూపకల్పనలో పాలుపంచుకున్నాడంటే, 1995లో అది ఎంత పెద్ద వార్తో ఊహించుకోవచ్చు.

పెద్ద పేర్లు కలిసినంత మాత్రాన పని జరగదు. రోజువారీ భారం కజుహికో అవోకి నిర్మాణంలో ముగ్గురు దర్శకుల మీద, కథ రాసిన మసాతో కాతో మీద పడింది. వాళ్లు చేసిన ముఖ్యమైన పని తీసివేతలే. అప్పటి ఆర్పీజీల్లో దారిన నడుస్తుంటే తెర ఒక్కసారిగా మారిపోయి, కనిపించని శత్రువు మీద పడేవాడు. ఇక్కడ శత్రువులు చాలావరకు కళ్ల ముందే తిరుగుతూ ఉంటారు, కొందరిని తప్పించుకుని పోవచ్చు. పోరాటం నిలబడ్డ చోటే మొదలవుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి కొట్టే జంట దెబ్బలు వచ్చాయి. వందల గంటలు అక్కర్లేదు, ఇరవై పాతిక గంటల్లో కథ పూర్తవుతుంది. పూర్తయ్యాక సంపాదించిన బలంతోనే మళ్లీ మొదటినుంచి ఆడవచ్చు. ఈ రోజుల్లో ఎన్నో ఆటల్లో కనిపించే 'న్యూ గేమ్ ప్లస్' అన్న పేరు ఇక్కడినుంచే వ్యాపించింది. చివరి శత్రువును ఎప్పుడు ఎదుర్కొన్నామన్న దాన్ని బట్టి పదికి పైగా ముగింపులు. క్రీ.పూ. 6.5 కోట్ల ఏళ్ల నాటి డైనోసార్ల లోకం నుంచి క్రీ.శ. 2300లోని శిథిల నగరాల దాకా సాగే కథ ఇంత పొదుపుగా ఎలా ఇమిడిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ క్యాసెట్ పరిమాణం 32 మెగాబిట్లు, అంటే 4 మెగాబైట్లు. ఈనాటి ఫోను తీసే ఒక ఫొటో అంత.

సంగీతం కథ వేరు. యసునోరి మిత్సుదా 1992లో స్క్వేర్‌లో చేరారు. బాణీలు కడదామని వస్తే శబ్దాలు తయారుచేసే పని అంటగట్టారు. కొంతకాలం ఓర్చుకుని, చివరికి నేరుగా సకాగుచి దగ్గరికి వెళ్లి, బాణీలు కట్టే అవకాశం ఇవ్వకపోతే మానేస్తానన్నారు. సరే, ఇది చెయ్యి అని ఆయన చేతిలో పెట్టింది ఈ ఆటనే. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఇంత పని! మధ్యలో హార్డ్ డిస్క్ చెడి సుమారు నలభై బాణీల ముసాయిదాలు పోయాయి. ఒళ్లు హూనం చేసుకుని, కడుపులో పుండ్లతో మంచం పట్టారు. మిగిలినవి ఫైనల్ ఫాంటసీ సంగీతకర్త నొబువో ఉయెమాత్సు అందుకుని పూర్తి చేశారు. మంచు తుపాను కప్పేసిన నేల నుంచి మేఘాల మీద తేలే జీల్ రాజ్యంలోకి అడుగుపెట్టగానే మొదలయ్యే బాణీలో సితార్‌ను పోలిన నాదం ఉంటుంది. ఆ చోట ఆట ఆపేసి ఊరికే వింటూ కూర్చున్నవాళ్లలో నేనూ ఒకడిని. 2021 టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో దేశాల జట్లు నడిచి వస్తుండగా వాయించిన ఆటల సంగీతంలో ఈ ఆటవీ ఉన్నాయి.

మరి అనుమానం ఎక్కడ పుట్టింది? జపాన్‌లో 20 లక్షలకు పైగా అమ్ముడైన ఆట, అదే ఏడాది అమెరికాకు వెళ్లింది గానీ ఐరోపాకు వెళ్లనే లేదు. అక్కడివాళ్లు 2009లో నింటెండో డీఎస్ అనే చేతి యంత్రం కూర్పు దాకా ఆగారు. ప్లేస్టేషన్ మీద 1999లో వచ్చినప్పుడు బొమ్మల సినిమా ముక్కలు కొత్తగా చేర్చారు, కానీ సీడీ నుంచి చదువుకోవడానికి పట్టే సమయం ప్రాణం తీసేది. కంప్యూటర్ కూర్పు 2018 ఫిబ్రవరిలో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం మీదికి వచ్చినప్పుడైతే మరీ అన్యాయం. ఫోను కోసం చేసిన పెద్ద పెద్ద బటన్లను, చదును చేసిన మసక బొమ్మలను అలాగే తెచ్చి పెట్టారు. ఆటగాళ్లు తిట్టిపోశారు. ఆ తరువాతి నెలల్లో వరసగా దిద్దుబాట్లు వేసి, పాత బొమ్మలను తిరిగి ఎంచుకునే వీలు కల్పించారు. కానీ తొలి రోజుల్లో కొన్నవారికి కలిగిన అభిప్రాయం అలాగే మిగిలిపోయింది. అభిమానులే సొంతంగా కొత్త రూపం ఇవ్వబోతే 2004లో, కొత్త కథ అల్లబోతే 2009లో కంపెనీ నోటీసులు పంపి ఆపించింది. ఫైనల్ ఫాంటసీ ఏడో భాగానికి 2020లో, డ్రాగన్ క్వెస్ట్ మూడో భాగానికి 2024లో కొత్త రూపాలు వచ్చాయి. దీని ముప్పయ్యో పుట్టినరోజు మాత్రం కొత్త రూపం లేకుండానే గడిచింది. 2024 మార్చిలో తొరియామా కన్నుమూశారు. కాబట్టి ఇకముందు ఏది వచ్చినా ఆ ముగ్గురి చేతి పనిగా మిగిలేది ఈ పాత క్యాసెట్టే.

మన దగ్గర 1990లలో 'వీడియో గేమ్' అంటే సూపర్ ఫామికామ్‌కు ముందు తరమైన ఫామికామ్‌కు నకలు యంత్రం, '9999 ఇన్ 1' అని రాసి ఉన్న క్యాసెట్. ఆ తరువాత గంటకింత అని తీసుకునే పార్లర్లు వచ్చాయి. పాతిక గంటల కథను గంట లెక్కన ఎవరు ఆడతారు? అక్కడ కుస్తీ, ఫుట్‌బాల్, కారు పందేలదే రాజ్యం. అందుకే మనలో చాలామందికి ఇది చిన్ననాటి జ్ఞాపకం కాదు. ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాం కాబట్టి, పాత ప్రేమ అడ్డు రాకుండా తీర్పు చెప్పే వీలు మనకు ఎక్కువే.

లోపాలున్నాయి. కథానాయకుడు క్రోనో నోరు విప్పడు, కొందరికి అది చిరాకు. పోరాటంలో మనవాళ్లను మనం కదపలేం. దెబ్బ ఎంత మందికి తగులుతుందన్నది ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న దాని మీద ఆధారపడుతుంది గనుక ఆ లోటు తెలుస్తుంది. అనుభవం ఉన్నవారికి సగం పోరాటాలు నల్లేరు మీద బండి నడకే. తెలుగులో లేదు, ఇంగ్లీషులో చదువుకోవాల్సిందే. 1995 నాటి ఇంగ్లీషు అనువాదంలో ఒక తమాషా ఉంది. శాపంతో కప్పగా మారిన వీరుడొకడు పాతకాలపు ఇంగ్లీషు మాట్లాడతాడు, ఊరంతా వ్యావహారికం మాట్లాడుతుంటే ఒక్కడే పౌరాణిక నాటకం వేషంలో తిరుగుతున్నట్టు. జపాన్ మూలంలో అలా లేదు. డీఎస్ కూర్పులో ఆ యాసను తీసేశారు. నాకైతే ఆ నాటకమే ఇష్టం.

లూకా అనే అమ్మాయికి తన చిన్నప్పుడు తల్లికి జరిగిన ప్రమాదంలోకి తిరిగి వెళ్లే అవకాశం వస్తుంది. యంత్రం ఆపడానికి పాస్‌వర్డ్ కావాలి, క్షణాలు గడిచిపోతుంటాయి. ఆ పాస్‌వర్డ్ అక్షరాలు కంట్రోలర్ మీది బటన్ల పేర్లే. ఇంతకు మించి చెబితే పాపం. ఈ చమత్కారం ఫోను అద్దం మీద వేలు ఆడించేవారికి పూర్తిగా అందదు. అందుకే కంప్యూటర్ మీద, కంట్రోలర్ తగిలించి ఆడమంటాను. ముందు సెట్టింగుల్లోకి వెళ్లి పాత బొమ్మలు ఎంచుకోండి.

ఎంతవరకు చూసి తేల్చుకోవాలంటే, విచారణ దాకా చాలు. ఆ ఏడుగురూ నడిచి వచ్చేటప్పుడు, తిరునాళ్లలో నేనేం చేశానబ్బా అని మీరు వెనక్కి తిరిగి ఆలోచించకపోతే, నిస్సంకోచంగా ఆపేయండి. తీర్పు ఎలా వచ్చినా క్రోనో జైలుకే వెళతాడు. ఆ సంగతి నాకు రెండోసారి ఆడినప్పుడు గానీ తెలియలేదు.